ఒక పికప్, రెండు నాబ్‌లు చాలు
ప్రశ్న: ఒకే పికప్, ఒకే నాబ్‌తో సాదా బేస్ గిటార్ చేయించుకోవచ్చా?

జవాబు: చేయించుకోవచ్చు. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ ఒక్కటే ఉండేది; 1957లో దానిని రెండు ముక్కలు చేసి, వాటి తీగచుట్లు ఒకదాని హోరును మరొకటి అణచివేసేలా అమర్చారు కనుక, సాదా వాద్యానికి ఈ రకమే ఉత్తమం. అయితే హెచ్చు పౌనఃపున్యాలను తగ్గించే టోన్ నాబ్‌ను తీసేస్తే నాదం కాస్త పదునెక్కినా, ఆ పదునును మళ్లీ మెత్తబరిచే వీలు వాద్యంపై మిగలదు కాబట్టి, దానిని వదులుకోవడం తొందరపాటే. అమెరికా రికార్డు సంస్థ మోటౌన్ పాటలలో బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ పలికించిన గుండ్రని నాదానికి ఆధారం ఇలాంటి బేస్, దానికి బిగించిన నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగలు, అన్నిటికీ మించి ఆయన చూపుడువేలు. డబ్బు మిగిలితే మెడ వంపును, తీగల ఎత్తును నిపుణుడిచేత సరిచేయించడం మేలు.