కుట్లు విప్పినంత మాత్రాన గాయం మానినట్లు కాదు

మధురానగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ప్రాంతాల్లో సినిమా పనిని నమ్ముకుని బ్రతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సెట్లు కట్టే వడ్రంగులకు, లైట్లు మోసేవారికి, ఫైట్లు చేసేవారికి తెగిన గాయాలు కొత్త కాదు. ఇంట్లో కత్తిపీట దగ్గర తల్లికైనా, మెట్ల మీద జారిపడ్డ బిడ్డకైనా కుట్లు పడవచ్చు. డాక్టరు కుట్లు వేసే పని కొద్దిసేపట్లో అయిపోతుంది. ఆ తరువాత గాయాన్ని కనిపెట్టుకోవలసింది ఇంట్లోవారే. కాబట్టి గాయం ఎలా మానుతుందో ఈ వారం తెలుసుకుందాం.

మొదటి మూడు రోజులు: కుట్ల చుట్టూ కొంచెం వాపు, ఎరుపు, వెచ్చదనం, సలుపు ఉండడం సహజం. శరీరం తెల్ల రక్తకణాలను అక్కడికి పంపి క్రిములను, చెడిన కణాలను తొలగిస్తుంది. నీరువంటి ద్రవం కొద్దిగా ఊరినా భయపడనక్కరలేదు. మొదటి 24 నుండి 48 గంటలు కట్టు తడవకుండా చూడాలి. ఆ తరువాత డాక్టరు అనుమతిస్తే సబ్బు నీటితో మెల్లగా కడిగి, శుభ్రమైన బట్టతో అద్ది ఆరబెట్టవచ్చు. గాయాన్ని బకెట్టులోగాని, చెరువులోగాని నానబెట్టరాదు.

నాలుగవ రోజు నుండి: వాపు, నొప్పి తగ్గుముఖం పడతాయి. అడుగున కొత్త కండ పెరుగుతుంది. కుట్ల వెంబడి చేతికి గట్టిగా తగులుతుంది, దురద పుడుతుంది. ఇవి మానుతున్న గుర్తులే. గోకరాదు, పక్కును లాగరాదు.

కుట్లు విప్పే రోజు శరీర భాగాన్నిబట్టి మారుతుంది. ముఖం మీద సుమారు 5 రోజులకు, తల మీద, చేతులమీద, ఒంటిమీద 7 నుండి 10 రోజులకు, కాళ్లకు, కీళ్లమీద 10 నుండి 14 రోజులకు సాధారణంగా విప్పుతారు. ముందుగా విప్పితే గాయం విచ్చుకోవచ్చు. ఆలస్యమైతే దారపు గుర్తులు చర్మంమీద నిలిచిపోతాయి. కొన్ని రకాల దారం లోపలే కరిగిపోతుంది. మీకు వేసినది ఏ రకమో ఆ రోజే అడిగి తెలుసుకోండి.

అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. పైకి చర్మం అతుక్కున్నా, వారం రోజుల గాయానికి మంచి చర్మపు బలంలో పదవ వంతు కూడా రాదు. మూడు వారాలకు సుమారు నాలుగవ వంతు, మూడు నెలలకు నూటికి 80 పాళ్లు వస్తుంది. పూర్తి బలం ఎప్పటికీ రాదు. కుట్లు విప్పిన మర్నాడే బరువు లైట్లు ఎత్తితే, దూలాలు మోస్తే గాయం మళ్లీ తెరుచుకోవచ్చు. రోజుకూలి పోతుందని ఆత్రపడితే ఇంకా ఎక్కువ రోజుల కూలి పోతుంది. కొన్ని వారాలపాటు తేలిక పని ఇమ్మని మేస్త్రీనో, మేనేజరునో అడగడం నామోషీ కాదు.

పథ్యం మాటకు వస్తే, పప్పు తింటే చీము పడుతుందని పెద్దలు చాలా ఇళ్లలో పెట్టనివ్వరు. గుడ్డు, చేప కూడా మానిపిస్తారు. నిజానికి కొత్త కండ కట్టడానికి కావలసిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. చీము క్రిములవల్ల పడుతుంది, పప్పువల్ల కాదు. జామ, ఉసిరి, నిమ్మలోని సి విటమిన్ కూడా అవసరమే. పసుపు కూరలో వేయండి, గాయంలో నింపకండి. కాఫీపొడి, నశ్యం, పేడ అసలే పనికిరావు. పొగ త్రాగడం, అదుపులో లేని షుగరు వ్యాధి గాయాన్ని ఆలస్యంగా మాననిస్తాయి.

గాయమైన రోజే ధనుర్వాతం ఇంజక్షను గురించి అడగాలి. చివరి ఇంజక్షను వేయించుకుని ఐదేళ్లు దాటి, గాయంలో మట్టిగాని, తుప్పుగాని చేరితే మళ్లీ వేయించుకోవలసి ఉంటుంది.

1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో ఆరియోమైసిన్ రూపొంది, 1948లో లోకానికి అందింది. ఇటువంటి మందులు చీముపట్టిన గాయాలనుండి ఎందరినో బ్రతికించాయి. అయితే ప్రతి కుట్టుకూ అవి అవసరం లేదు. దుకాణంలో అడిగి కొని మింగరాదు. డాక్టరు రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ వాడాలి.

మూడు రోజుల తరువాత నొప్పి తగ్గకపోగా పెరిగినా, ఎరుపు చుట్టూ ప్రాకినా, ఎర్రని చారలు పైకి వ్యాపించినా, చీము, దుర్వాసన, జ్వరం కనిపించినా, గాయం విచ్చుకున్నా, వేలు తిమ్మిరెక్కినా, కదలకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. కుట్లు విప్పే తేదీ వరకు ఆగవద్దు.

మచ్చ కొన్ని నెలలు ఎర్రగా ఉబ్బి ఉండి, ఏడాది, అంతకుమించిన కాలంలో మెల్లగా పాలిపోతుంది. ఎండ సోకితే నల్లబడుతుంది కనుక కప్పి ఉంచండి. ఛాతీ, భుజం, చెవితమ్మె మీది మచ్చ గాయం హద్దు దాటి పెరుగుతుంటే డాక్టరుకు చూపించండి. రోజూ ఒకసారి చేతులు కడుక్కుని, పగటి వెలుతురులో గాయాన్ని చూడండి. నిన్నటికంటే నేడు నయమా, కాదా అన్నది ఇంట్లోవారి కంటికి తెలియకపోదు.