పటం పెద్దదని ఆట కొనకు

తిరుత్తణి,
ఆదివారం.

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. "జపాన్ వాళ్ల రోల్ ప్లేయింగ్ గేమ్ కావాలి, ఓపెన్ వరల్డ్ అయ్యుండాలి, ఆడుతుంటే ఇంకో లోకంలో ఉన్నట్టుండాలి, ఒక్క పేరు చెప్పు మామయ్యా" అన్నావు. పేరు చెప్పడానికి ఎంతసేపు? కానీ నువ్వు తిరువళ్లూరులో కంప్యూటర్ సైన్స్ చదువుతూ, రేపు సొంతంగా ఆట చేస్తానంటున్న పిల్లవి. ఒక పేరు చేతిలో పెడితే ఒక సెలవు గడుస్తుంది, అంతే. ఏరుకోవడం తెలిస్తే ముందుముందు పనికొస్తుంది. ఫోన్‌లో చెబితే సగం నీకు గుర్తుండదు, అందుకే ఉత్తరం.

ముందు ఒక చిక్కు చెప్తాను. జపాన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌కీ (ఆర్‌పీజీకీ), ఓపెన్ వరల్డ్‌కీ మొదటి నుంచీ పొత్తు కుదరదు. 1986 మేలో ఎనిక్స్ కంపెనీ డ్రాగన్ క్వెస్ట్ విడుదల చేసింది. దాన్ని రూపొందించిన యూజీ హోరీ అమెరికా ఆటలు విజార్డ్రీ, అల్టిమా ఆడి మెచ్చుకున్నవాడే. కానీ అవి కంప్యూటర్ ముందు గంటలు గంటలు కూర్చునే పెద్దవాళ్ల ఆటలు. వాటిలోని తిరకాసులు తీసేసి, నాలుగు బటన్ల ఫామికామ్ అనే ఆటపెట్టె మీద స్కూలు పిల్లలు కూడా ఆడుకునేలా చేశాడు. బొమ్మలు గీసింది డ్రాగన్ బాల్ సృష్టికర్త అకిరా తోరియామా. మరుసటి ఏడాది డిసెంబరులో స్క్వేర్ నుంచి హిరోనోబు సకగూచి చేసిన ఫైనల్ ఫాంటసీ వచ్చింది. అక్కణ్ణుంచి ఈ ఆటలు కథ పట్టుకుని నడిచాయి. ఏ ఊరి తర్వాత ఏ ఊరు, ఏ స్నేహితుడు ఎప్పుడు దూరమవుతాడు, ఏ రహస్యం ఎప్పుడు బయటపడుతుంది, అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. కథకి వరస కావాలి. ఎటైనా పోనిచ్చే ఓపెన్ వరల్డ్ ఆ వరసనే చెడగొడుతుంది. దుర్మార్గుడు రేపు లోకాన్ని బూడిద చేస్తానంటుంటే హీరో చెరువుగట్టున చేపలు పట్టుకుంటూ కూర్చోవచ్చు మరి. ఈ తగువు ఏ ఆట ఎలా తీర్చుకుందో చూడు. నువ్వడిగిన ఆట దొరకడానికి దారి అదే.

2016లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 15లో ఈ తగువు తెగలేదు. మొదటి సగంలో నలుగురు స్నేహితులు కారేసుకుని ఎటైనా పోవచ్చు. చీకటి పడితే డేరా వేస్తారు, ఒకడు వంట చేస్తాడు. ప్రాంప్టో అనేవాడు పగలంతా తీసిన ఫోటోలు రాత్రి అందరికీ చూపిస్తాడు. ఆ రోజు నువ్వు ఆడిందే ఆ ఫోటోల్లో ఉంటుంది. రెండో సగానికి వచ్చేసరికి కథకి తొందర పుడుతుంది, లోకం మూసుకుపోతుంది, అందరూ రైలెక్కుతారు. మాటవరసకి అనడం లేదు, ఆటలో నిజంగానే రైలు. ఆ మలుపు ఎక్కడ వచ్చిందో గుర్తుపెట్టుకుంటూ ఆడితే, చెడిన చోటు నుంచి కూడా పని నేర్చుకోవచ్చు.

కొందరు లోకాన్ని పెద్ద పెద్ద ప్రాంతాలుగా విడగొట్టి, కథ కదిలేకొద్దీ ఒక్కొక్కటీ తెరుస్తారు. మోనోలిత్ సాఫ్ట్ వాళ్ల జెనోబ్లేడ్ క్రానికల్స్ 2010లో అలాగే చేసింది. ఎప్పుడో పోట్లాడుకుని అలాగే బిగుసుకుపోయిన రెండు మహాకాయుల ఒంటి మీద జనం ఊళ్లు కట్టుకుని బతుకుతుంటారు. పచ్చిక మైదానం అనుకుని నువ్వు నడిచేది ఒక కాలు. తల ఎత్తితే ఆకాశానికి అడ్డంగా రెండోవాడు నిలబడి ఉంటాడు. డ్రాగన్ క్వెస్ట్ 11 కూడా ఈ బాపతే. దాని ఇంగ్లీషు రూపంలో ఊరు మారితే మాట యాస మారుతుంది. హొట్టో అనే ఊళ్లో అందరూ హైకూల్లో మాట్లాడతారు. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి తర్వాత మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఊరు మన తిరుత్తణి. ఇంట్లో ఒక భాష, బజార్లో ఇంకో భాష అలవాటైన నీకు ఆ సరదా వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. ఇలాంటి ఆటల్ని కూడా ఓపెన్ వరల్డ్ అని అమ్మేస్తుంటారు. అవి మంచి ఆటలే, ఏం కొంటున్నావో తెలిసి కొనుక్కో, అంతే.

నీ మనసులో ఉన్నది మాత్రం మూడోరకం. వరసగా కథ చెప్పడం మానేసి, దాన్ని లోకమంతా చల్లేసిన ఆటలు.

2017 మార్చిలో వచ్చిన జెల్డా, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ సంగతి చూడు. అందులో లెవెళ్లు లేవు కాబట్టి ఆర్‌పీజీ కాదని వాదించేవాళ్లున్నారు. వాదించుకోనీ. మొదటి పీఠభూమి దిగిన మరుక్షణం నువ్వు నేరుగా కోటకి పోయి ఆఖరి శత్రువు మీద పడొచ్చు. చితికి తిరిగొస్తావు, అది వేరే సంగతి. ఆ కోట మొదటి నుంచీ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. దానికీ నీకూ మధ్య ఏం జరగాలన్నది నేల తీరు తేలుస్తుంది.

ఆ నేలను ఎలా కట్టారో అదే ఏడాది జపాన్‌లో ఆటల తయారీదారుల సదస్సులో నింటెండో వాళ్లే విప్పి చెప్పారు. వాళ్ల లెక్కంతా త్రికోణాలది. పెద్ద త్రికోణం దూరం నుంచి ఆనవాలు. మధ్యరకంది వెనకున్నదాన్ని కప్పేస్తుంది. చుట్టి వచ్చేకొద్దీ అది కాస్త కాస్తగా బయటపడుతుంది. చిన్నది కాళ్ల దగ్గర నిలబడి, ఎక్కుతావా పక్కనుంచి పోతావా అని అడుగుతుంది. అడుగడుగునా నీచేత ఏదో ఒకటి తేల్పిస్తారు, అది నీ సొంత బుద్ధే అనిపిస్తారు. డైరెక్టర్ హిదెమారో ఫుజిబయాషి, తనకి బాగా తెలిసిన క్యోటో నగరం పటాన్ని ఆట నేల మీద పరిచి, ఎంత దూరం నడిస్తే బాగుంటుందో కొలుచుకున్నాడు. అంతకుముందు 1986లో మొదటి జెల్డా చేసిన షిగెరు మియామోతో కూడా, క్యోటో దగ్గర సొనొబెలో చిన్నప్పుడు కొండలూ గుహలూ తిరిగిన అనుభవం నుంచే ఆ ఆట పుట్టిందని చెప్పుకున్నాడు.

ఈ త్రికోణాల సంగతి నువ్వు సెలవులకి వచ్చేటప్పుడు తిరుపతి రోడ్డు మీద బస్సు కిటికీలోంచే పరీక్షించు. ఎదురుగా వచ్చే గుట్ట ఎంతసేపు దేన్ని దాచింది, మన కొండ మీది గోపురం ఎక్కడ కంటపడింది, ఎక్కడ మళ్లీ మాయమైంది, రాసుకో. పైకెక్కడానికి 365 మెట్లున్నాయి, కార్ల దారీ ఉంది. రెండు దారుల్లోనూ చేరేది సుబ్రహ్మణ్యస్వామి గుడికే. అయినా ఆడికృత్తికకి పూలకావడి భుజాన వేసుకున్నవాడు మెట్లే ఎందుకెక్కుతాడో ఆలోచిస్తే, ఆటలో వేగంగా చేర్చే బటన్ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నీకే తోస్తుంది.

ఆ బటన్ని పొదుపుగా వాడుకున్న ఆట క్యాప్‌కామ్ వాళ్ల డ్రాగన్స్ డాగ్మా. మొదటిది 2012లో, రెండోది 2024లో వచ్చాయి. ప్రయాణం విసుగ్గా ఉందంటే ఆట విసుగ్గా ఉన్నట్టేనని దాని డైరెక్టర్ హిదెయాకి ఇట్సునో వాదన. రెండో ఆటలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎడ్లబండి ఉంటుంది, దారిలో దానిమీద రాక్షసులు పడొచ్చు. రాత్రి నిజంగా చీకటి. లాంతరు వెలుగు పడిన మేరకే నేల కనబడుతుంది, ఆ అవతల ఏదో గురకపెడుతుంటుంది. వెంట వచ్చే అనుచరుల్లో కొందరు వేరే ఆటగాళ్ల దగ్గర్నుంచి వచ్చినవాళ్లు. అక్కడ చూసింది ఇక్కడ నీకు చెబుతారు. అందుకే ఊరు దాటేముందు మందులు ఎన్నున్నాయి, పొద్దు ఎంతుంది అని చూసుకుంటావు. అలా చూసుకున్నావంటే ఆ లోకంలోకి నువ్వు వెళ్లిపోయినట్టే.

ఇక ఎల్డెన్ రింగ్. 2022 ఫిబ్రవరిలో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది, డైరెక్టర్ హిదెటాకా మియాజాకి. పాత చరిత్ర రాసిచ్చింది అమెరికా నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. ఆయన రాసింది నువ్వు ఆటలో అడుగుపెట్టడానికి ఎంతో ముందు జరిగిపోయిన కథ. నీకు మిగిలేవి శిథిలాలే. బయటికి రాగానే బంగారు కవచం తొడుక్కున్న రౌతు ఒకడు గుర్రం మీద తిరుగుతుంటాడు. కొత్తవాళ్లు వాడిమీదికి పోయి చస్తారు. పక్కనుంచి తప్పుకుపోవడం కూడా ఆటేనని నేర్పే మొదటి మేష్టారు వాడు.

నేను నీకు చూపించాలనుకునే చోటు మాత్రం ఇంకొంచెం తూర్పున మిస్ట్‌వుడ్ అడవిలో ఉంది. చెట్ల మధ్య ఒక రాతి కట్టడం, లోపల ఒక లిఫ్టు. ఎక్కితే దిగడం మొదలవుతుంది. దిగుతూనే ఉంటుంది. ఏదైనా పాడైందేమో అనుకునేంతసేపు దిగి, తలుపు తెరుచుకుంటే పైన చుక్కల ఆకాశం. నువ్వున్నది భూమి అడుగున, పేరు సియోఫ్రా నది. సంగీతం తప్ప ఇంకేమీ వినబడదు, ఎవరూ మాట్లాడరు, తెరమీద బాణం గుర్తు రాదు, ఇటు రమ్మని ఎవరూ పంపలేదు. దాని గొప్పతనంలో సగం ఆ లిఫ్టు పట్టిన సమయానిదే. తలుపు వెంటనే తెరుచుకుని ఉంటే అది మామూలు గుహ. ఈ ఒక్క చోటును గడియారం పెట్టుకుని మళ్లీ మళ్లీ ఆడి చూడు.

ఈ ఆటలో కథ ఎక్కువగా వస్తువుల్లో ఉంటుంది. ఒక ఉంగరం, ఒక పాత కత్తి, వాటి కింద రెండు మూడు వాక్యాలు. ఎవరిదో, ఎందుకు విరిగిందో నువ్వే అతికించుకోవాలి. నువ్వుంటున్న తిరువళ్లూరుకి దగ్గర్లోనే, పూండీ చెరువు ఒడ్డున ప్రాచీన మానవుడి పనిముట్ల మ్యూజియం ఉంది, ఒకసారి వెళ్లు. ఆ పక్కనే అత్తిరంపాక్కం. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో అక్కడ రాతిగొడ్డళ్లు గుర్తుపట్టాడు. శాంతి పప్పు బృందం తవ్వకాలు చేసి, వాటిలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించింది. ఒక రాయి ముందు నిలబడి, రెండువైపులా చెక్కిన గాట్లు చూసి, ఇది ఏ చేతికోసం చేశారు, ఎందుకు పారేశారు అని ఊహించు. నీ ఆటలో ఒక వస్తువు గురించి రెండు వాక్యాలు రాయాల్సి వచ్చినప్పుడు ఆ ఊహే అక్కరకొస్తుంది.

కొనేముందు ఇలా చెయ్యి. ట్రైలర్ చూడకు. ఎవరైనా కత్తిరించకుండా ఆడిన అరగంట వీడియో పెట్టుకుని, శబ్దం ఆపేసి చూడు. ఆడేవాడు మాటిమాటికీ పటం తెరుస్తున్నాడా? మూలనున్న చిన్న పటం మీదే కళ్లు పెట్టి పరిగెడుతున్నాడా? దూరంగా ఏదో చూసి బయల్దేరి, దారిలో ఇంకోటి కనబడి ఆగాడా? ఆగాడంటే ఆ ఆట నీకు పనికొస్తుంది. పటం ఇన్ని చదరపు కిలోమీటర్లని గొప్పలు చెప్పే ప్రకటనను పట్టించుకోకు.

గెన్షిన్ ఇంపాక్ట్ ఫోన్‌లో ఉచితంగా వస్తుంది కదా అంటావు. చూడ్డానికి జపాన్ ఆటలా ఉన్నా అది 2020లో షాంఘై కంపెనీ చేసింది. కొండలూ నదులూ ముచ్చటగానే ఉంటాయి. పాత్రల్లో చాలామందిని మాత్రం లాటరీలో గెలుచుకోవాలి, చీటీ తీసిన ప్రతిసారీ ఇంకో చీటీ మీద ఆశ పుడుతుంది. లోకం చూడు, కార్డు నంబరు మాత్రం ఇవ్వకు.

నీ వరకు వరస ఇదీ. మొదట డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్ డెమో. ఉచితం, దాదాపు పది గంటల ఆట, నచ్చి కొంటే ఆగిన చోటు నుంచే సాగుతుంది. జపాన్ పద్ధతి అంటే ఏమిటో అందులో తెలుస్తుంది. తర్వాత డ్రాగన్స్ డాగ్మా మొదటిది, డార్క్ అరైజెన్ పేరుతో ఉంటుంది. పాతది గనక నీ లాప్‌టాప్ మోస్తుంది. రెండోది చాలా బరువు, దాని జోలికి పోకు. ఆ తర్వాతే ఎల్డెన్ రింగ్. దానికి కనీసం 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, డిస్కులో 60 జీబీ చోటు కావాలి. స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కిస్తారు. ఆ రెండు గంటలూ నీ మెషీన్ మోస్తుందో లేదో చూసుకోవడానికి వాడుకో. జెల్డా, జెనోబ్లేడ్‌లకి నింటెండో స్విచ్ కావాలి, చెన్నైలో మీ అన్న దగ్గరుంది, పండక్కి తెమ్మను.

ఆడేటప్పుడు సెట్టింగుల్లో ఆపడానికి వీలున్న గుర్తులన్నీ ఆపెయ్. పక్కన నోటుబుక్కు పెట్టుకో. అమావాస్యనాడు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేటి దగ్గర ఓ గంట కూర్చుని, నీళ్లలో బెల్లం కలిపేవాళ్లు, గట్టుమీద తగువాడుకునేవాళ్లు, నిన్ను పట్టించుకోకుండా ఎవరి పని వాళ్లెలా చేసుకుంటున్నారో కూడా అందులోనే రాసుకో. ఆటలో ఊరు కట్టాల్సి వచ్చినప్పుడు ఆ పేజీ తియ్యి.

డెమో అయ్యాక నాకు ఉత్తరం రాయి. బాగుంది, బాగాలేదు అని రాయకు. ఎక్కడికి బయల్దేరావు, ఎక్కడ ఆగిపోయావు, ఎందుకు ఆగావు, అది రాయి. ఎల్డెన్ రింగ్ మాత్రం సెమిస్టర్ పరీక్షలు అయ్యేదాకా ముట్టుకోకు, మీ అమ్మ తిట్టేది నన్ను.

ఇట్లు,
మామయ్య