చివరి మడికి నీళ్లు

ప్రాజెక్టు ఆలస్యమైతే మనకు ముందు తోచేది ఒకటే: ఇంకో ఇద్దర్ని కలుపుకుందాం అని. ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' పుస్తకంలో దీన్ని కాదన్నాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందన్నది ఆయన సూత్రం. కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది అప్పటికే తలమునకలై ఉన్న పాతవాళ్లే కదా! పైగా ఐదుగురి టీమ్‌లో ఇద్దరిద్దరిగా లెక్కేస్తే 10 జతల మధ్య మాట నడవాలి. ఏడుగురైతే 21 జతల మధ్య.

మనవైపు వాళ్లకు ఇది కేసీ కాలువతో చెప్తే సులువు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై, కర్నూలు మీదుగా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పోతుంది. తూములు పెంచినంత మాత్రాన కాలువలో నీళ్లు పెరగవు. పూడిక తీయాలి, చివరి మడికి అందిందో లేదో చూడాలి.

టీమ్ లీడర్ పని కూడా ఇదే అనుకుంటాను. మా ఐదుగురి మినీ ప్రాజెక్టులో రోజూ అందర్నీ ఒకటే అడుగుతాను: "యాడ ఆగింది?" "ఎందుకు చేయలేదు?" అంటే తల దించుకుంటారు, ఇట్లా అడిగితే చెప్తారు. రెండు రోజులుగా నోరు విప్పని ఒక స్నేహితురాలు, డేటాబేస్ పాస్‌వర్డే తనకు అందలేదని అప్పుడే చెప్పింది. పది నిమిషాల్లో పని కదిలింది.

రివ్యూ దగ్గర పడితే కొత్త మనుషుల కోసం వెతక్కండి. ముందు, లేకపోయినా నడిచే ఫీచర్లు తీసేయండి. తర్వాత, ఈరోజు మీ టీమ్‌లో ఎవరు మాట్లాడలేదో చూసి, వాళ్ల పక్కన కూర్చోండి.