ఇంటిపేరు వెదకు మనుమనికి

డర్బను



మన పూర్వులు విశాఖపట్టణ మండలమును విడిచి దక్షిణాఫ్రికాలోని నాటాలునకు ఏల వచ్చిరనియు, మన యింటిపేరు 'నాయుడు' ఎట్లయ్యెననియు అడుగుచు నీవు వ్రాసిన జాబు చదివి మిక్కిలి సంతసించితిని. పాతపేరు దొరకినంతనే సర్కారునకు పేరుమార్పు అర్జీ పెట్టుదునన్న తొందర మాత్రము నాకు రుచింపలేదు.

మనవారు పేరు మార్చుకొనలేదు నాయనా, వారి నెవరును అడుగనే లేదు. ఒడంబడిక కూలీలుగా మద్రాసు రేవున ఓడ నెక్కించువేళ గుమాస్తా నింపిన పట్టికలో కూలి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, తుదకు ఒంటిమీది మచ్చలకు సైతము గడి యుండెను గాని ఇంటిపేరునకు లేకుండెను. అందుచే బిడ్డలను బడిలో వేయునాటికి కొందఱికి తండ్రి పేరును, మనబోంట్లకు పేరు చివర తగిలించు 'నాయుడు'ను ఇంటిపేరై కూర్చుండెను. ఆంగ్లలిపిలో దాని తుదనున్న రెండు 'ఓ'లు గుమాస్తాల చెవి చలవ. కావున నాయుడని వెదకితివా, వేలమంది నాయుళ్ల నడుమ తప్పిపోదువు. ప్రతి కూలికిని ఒక సంఖ్య యుండెడిది. బిడ్డల వివాహపత్రములయందు తలిదండ్రుల సంఖ్యలను వ్రాయుట ఆనాటి రివాజు. మీ ముత్తవ్వ పెండ్లికాగితముపై నున్న యంకెను పట్టుకొని ఆ ఓడపట్టికలో వెదకిన అది నిన్ను ఊరికి చేర్చును. తాలూకా గడిలో 'చికాకోలు' అని యున్నచో అది శ్రీకాకుళమే సుమా.

ఇక కారణము. 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ డర్బను చేరినది మొదలు 1911 వఱకు లక్షా యేబదిరెండువేల మంది కూలిబంట్లు వచ్చిరి. అందఱిని కరువే తఱిమెనని తేల్చివేయకుము. మన పూర్వుడు వచ్చిన యేడు చూడుము: 1876-78 నాటి ధాత కరువు దినములైన ఆకలి యనుకొనవచ్చును; కానిచో అప్పో, జ్ఞాతికలహమో, దళారి చూపిన ఆశయో, ఒంటరి స్త్రీ యైనచో వైధవ్యమో కావచ్చును. పట్టిక ఆ మాట చెప్పదు. ఊరిలోని ముసలమ్మ చెప్పవచ్చును. ఐదేండ్ల ఒడంబడిక తీరియు ఏల మరలిపోలేదో కూడ విచారింపుము. 1895 చట్టము వెనుక వచ్చినవారైనచో, గడువు తీరి ఇచట స్వేచ్ఛగా నిలువగోరిన యేటేట మూడు పౌనుల పన్ను చెల్లింపవలసివచ్చెను. అది 1914లో గాని తొలగలేదు.

కులపుగడిలోని వ్రాతను వేదవాక్కుగా గొనకుము. దొరలకు సేద్యపు కులములపై మక్కువ యని యెఱిగి దళారులు నేర్పినదే పలికినవారును గలరు.

ముత్తవ్వ కాగితము మీ చిన్నత్త పెట్టెలో నున్నది, మడతల వద్ద చిరిగియున్నది, మెల్లగా విప్పుము. పట్టిక నకలు రాగానే నాకొక ప్రతి పంపుము. అర్జీ సంగతి తరువాత చూతము.

ఇట్లు,
చిన్నతాతయ్య