చెక్కలోంచి ఉప్పు తేలుతుందా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఇరవై ఏళ్లనాటి ఇల్లు కొనబోతున్నాం. ఆటిక్‌లో చిమ్నీ ఇటుకల మీద, కప్పు కింది చెక్కల మీద తెల్లటి మచ్చలున్నాయి. అదంతా గోడలకు పట్టే ఉప్పేనని అమ్మేవాళ్లు అంటున్నారు. నమ్మవచ్చా? ఫంగస్ టెస్ట్ కిట్ కొనమంటారా?

జవాబు: ఇటుకల వరకు వాళ్ల మాట నిజం కావచ్చు. చెక్కల విషయంలో మాత్రం నమ్మకండి. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే లవణాలను నీరు కరిగించి పైకి తెస్తుంది, నీరు ఆరాక అవి తెల్లగా మిగులుతాయి. మామూలు చెక్కలో అలా తేలేంత ఉప్పు ఉండదు. మచ్చ మీద నీటిచుక్క వేసి చూడండి. ఉప్పయితే చాలావరకు కరిగిపోతుంది, ఫంగస్ తడిసి అణుగుతుందే గానీ కరగదు. చెక్కలో ఉప్పు ఉండదనడానికి ఒక మినహాయింపు ఉంది. టౌన్‌హౌస్‌ల మధ్యగోడల దగ్గర, మంటలను తట్టుకునే రసాయనాలు పట్టించిన ప్లైవుడ్ వాడతారు. దాని మీద ఉప్పు తేలవచ్చు. అయినా నిశ్చింత పడలేం: 1980ల్లో కట్టిన ఇళ్లలో అలాంటి ప్లైవుడ్ ఎండవేడికి పెళుసెక్కి పాడైన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇక ముడుల దగ్గర గట్టిగానో జిగటగానో ఉన్న చుక్కలు పైన్ చెక్క కారే జిగురు. ఊదితే కదిలేవి ఇన్సులేషన్ పోగులు.

పరీక్ష చేయిస్తే అనుమానం తీరుతుంది కదా అనిపించడం సహజమే. కానీ ఫంగస్ బీజాలు ప్రతి ఇంటి గాలిలోనూ ఉంటాయి కాబట్టి కిట్‌లో ఏదో ఒకటి మొలుస్తుంది, దానివల్ల మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు. కంటికి కనిపించే ఫంగస్‌కు సాధారణంగా శాంపిల్ అక్కర్లేదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెబుతుంది. నల్లదైతేనే ప్రమాదమన్న మాటా నిలబడదు. చాలా రకాల ఫంగస్ తెల్లగానే మొదలై తర్వాత రంగు మారుతుంది, ఎలర్జీకీ ఆస్తమాకీ ఏ రంగుదైనా కారణం కాగలదు. ల్యాబ్ తప్పనిసరయ్యేది వేరే చోట: 1980కి ముందటి ఇళ్లలో గొట్టాలకు చుట్టిన తెల్లటి పొర ఆస్‌బెస్టాస్ కావచ్చు, దాన్ని ముట్టుకోనేకూడదు. మీ ఇంటి వయసుకు ఆ భయం దాదాపు లేదు.

మీరు వెతకాల్సింది తేమ దారిని. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటిదాకా వెళ్లకుండా ఆటిక్‌లోనే ఆగిపోయిందా? చూరు దగ్గరి గాలి రంధ్రాలకు ఇన్సులేషన్ అడ్డుపడిందా? కప్పులోంచి పొడుచుకొచ్చిన మేకుల కొనలు తుప్పు పట్టాయా? చలికాలంలో ఇంట్లోంచి పైకెక్కిన తేమ ఆ చల్లటి మేకుల మీదే ముందు నీరవుతుంది. బ్లీచ్ కొడితే సరిపోతుందనేవాళ్లకు ఇదే జవాబు: తేమ ఆగకపోతే మచ్చ మళ్లీ వస్తుంది, చచ్చిన ఫంగస్ కూడా ఎలర్జీ తెప్పించగలదు. పది చదరపు అడుగుల లోపయితే ఎన్‌95 మాస్కు, గ్లవుజులు, కళ్లకు గాగుల్స్ పెట్టుకుని మీరే శుభ్రం చేసుకోవచ్చు. అంతకుమించితే నిపుణులను పిలవండి. ఇల్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌ను మాయిశ్చర్ మీటర్‌తో ఆ చెక్కలను కొలవమనండి. తేమ తేలితే గొట్టం మరమ్మతు, శుభ్రత రెండూ కొనుగోలు పూర్తయ్యే క్లోజింగ్‌కు ముందే అమ్మేవాళ్లు చేయించాలని ఒప్పందంలో రాయించుకోండి.