ప్రొఫైల్‌లో మీ ఊరి పనిని దాచొద్దు

అనంతపురంలో ఇంజినీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రాలు ఫోన్లు పట్టుకుని ఇంటికొస్తారు. "సార్, లింక్డ్‌ఇన్‌లో ఎంతమందికి మెసేజ్ పంపినా ఎవరూ పలకలేదు" అంటారు. వాళ్ల పక్కన కూర్చుని సరిచేస్తూ నేను గ్రహించినవి ఇవి.

1. పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయండి. ప్రొఫైల్‌లో ఒకలా, సర్టిఫికెట్లలో ఇంకోలా ఉంటే ఉద్యోగం వచ్చాక తనిఖీ దగ్గర చిక్కొస్తుంది. ఫొటో పగటి వెలుగులో, మామూలు గోడ ముందు తీయించుకుంటే చాలు. పెళ్లి ఫొటోలోంచి కత్తిరించినది వద్దు.

2. పేరు కింద హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటుంది. అక్కడ "ఉద్యోగం కోసం చూస్తున్నాను" అని రాస్తే ఆ మాటతో మిమ్మల్ని ఎవరూ వెతకరు. హెచ్‌ఆర్ వాళ్లు పని పేరు కొట్టి వెతుకుతారు: జావా, టాలీ, సీఎన్‌సీ, క్వాలిటీ ఇన్‌స్పెక్షన్. మీకు వచ్చిన పని పేరు ముందు రాయండి.

3. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇది. మన పిల్లలు తాము చేసిన అసలు పనిని దాచేస్తారు. ఒక అబ్బాయి ప్రొఫైల్ నిండా ఎక్కడినుంచో దించిన పెద్దపెద్ద ఇంగ్లిష్ మాటలే. ఇంటి దగ్గర ఏం చేస్తావని అడిగితే అప్పుడు చెప్పాడు: బోరు మోటారు స్టార్టర్‌కు సిమ్ పెట్టి, ఫోన్‌తోనే ఆన్, ఆఫ్ చేసేలా బిగించాడట. చుట్టుపక్కల రైతులూ చేయించుకున్నారట. ఎందుకు రాయలేదంటే, "అది సేద్యం పని కదా సార్" అన్నాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే మన జిల్లాలో, వేరుశనగ ఎండిపోతుంటే, ఉన్న నీటిని కాపాడే పని అది. అంతకు మించిన ఇంజినీరింగ్ ఏముంది? ఎక్కడ చేశావు, ఏం వాడావు, ఎవరికి ఏం మేలు జరిగింది అని నాలుగు వాక్యాల్లో రాయించాను. ఊరి పేరు చెప్పడానికి సిగ్గెందుకు? 2016లో లింక్డ్‌ఇన్‌ను కొన్న మైక్రోసాఫ్ట్‌కు అధిపతి సత్య నాదెళ్ల. ఆయన తండ్రి యుగంధర్ గారి సొంతూరు మన జిల్లాలోని బుక్కాపురమే.

4. డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టును ప్రొఫైల్‌లో పెట్టకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

5. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక, సొంత సీమలోనే పని దొరుకుతుందన్న ఆశ మన పిల్లల్లో పెరిగింది. మంచిదే. అయినా ఉద్యోగం వెతుకుతున్నట్టు చూపే "ఓపెన్ టు వర్క్"లో అనంతపురం ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. బెంగళూరు, హైదరాబాద్ కూడా చేర్చండి. ఇప్పటికే ఎక్కడైనా పనిచేస్తున్నవాళ్లు "రిక్రూటర్లకు మాత్రమే" అన్నది ఎంచుకోండి. అయినా మీ కంపెనీకి తెలియదన్న పూర్తి హామీ లేదు.

6. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిస్తే పూర్వ విద్యార్థులు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో ఉన్నారో కనిపిస్తుంది. మన అనంతపురం జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 1946 నాటిది, ఎస్‌కే యూనివర్సిటీ 1981 నాటిది. అక్కడ చదివినవాళ్లు లేని చోటు తక్కువ. వాళ్లకు "జాబ్ ఇప్పించండి అన్నా" అని రాయకండి. మీ బ్రాంచి, మీరు చేసిన పని రెండు ముక్కల్లో చెప్పి, వాళ్ల పని గురించి ఒక ప్రశ్న అడగండి. జవాబు రాకపోతే వారం ఆగి ఇంకొక్కసారి అడగండి. అంతకు మించి వెంటపడొద్దు.

7. ప్రొఫైల్ బాగుపడ్డాక మోసగాళ్ల కంట్లోనూ పడతారు. రిజిస్ట్రేషన్ ఫీజనీ, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనీ అడుగుతారు. నిజమైన కంపెనీ ఉద్యోగమిచ్చేందుకు డబ్బు అడగదు. అమ్మానాన్నలకు నా మనవి: పిల్లల ఉద్యోగం కోసం బంగారం తాకట్టు పెట్టి ఎవరికీ కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే పరువు పోతుందని దాచకుండా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.