నర్సమ్మ లేని రోజు

ఆదివారం. ఆడపిల్లల హాస్టల్ బడి ముందు చెట్టు కింద తల్లులు కూర్చున్నారు. క్యారేజీలు విప్పి పిల్లలకు అన్నం పెడుతున్నారు. ఒక తల్లి మాత్రం క్యారేజీ విప్పలేదు. కూతురి నుదుటి మీద దెబ్బ చూసింది.

"ఏమైందే?"

"బుధవారం ఫిట్స్ వచ్చాయమ్మా. కింద పడ్డాను."

ఆ పిల్ల ఏడో తరగతి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఫిట్స్ మాత్ర వేసుకోవాలి. రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు. మరి ఇప్పుడెందుకు వచ్చాయి?

హాస్టల్లో మాత్రలు ఇచ్చేది నర్సమ్మ. ఆమె సోమవారం నుంచి సెలవులో ఉంది. మాత్రలు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి ఆమె దగ్గర ఉంది. మూడు రోజులు మాత్ర పడలేదు. అడగడానికి పిల్ల భయపడింది. ఇంటికి ఎవరూ కబురు చేయలేదు.

ఫిట్స్ మాత్రలు డాక్టరు చెప్పకుండా మానకూడదు. మానితే ఫిట్స్ మళ్లీ రావచ్చు.

పిల్ల పడిపోగానే తోటి పిల్లలు చేతిలో తాళంచెవులు పెట్టారట. దానివల్ల ఫిట్స్ తగ్గవు. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గట్టిగా పట్టుకోకూడదు. నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు కూడా పోయకూడదు. ఐదు నిమిషాలైనా తగ్గకపోతే 108కి ఫోను చేయాలి.

తల్లి పెద్ద మేడం దగ్గరకు పోయింది.

"మేడంగారూ, నర్సమ్మకూ సెలవు కావాల. కాదనం. ఆ సంగతి మాకు చెప్పాల గదా? ఒక్క ఫోను చేస్తే నేనే వచ్చేదాన్ని."

"ఇంకొకరిని పంపమని పైకి రాశామమ్మా. ఇంకా రాలేదు."

"పైకి రాశారు, సరే. మాకెందుకు చెప్పలేదు?"

మేడం మాట్లాడలేదు. ఇంకో తల్లి లేచి వచ్చింది. ఆమె కూతురికి ఆయాసం. పీల్చే మందు కూడా ఆ బీరువాలోనే ఉంది!

హాస్టల్ సంగతి ఇది. ఊళ్లో మామూలు సర్కారు బడికైతే సాధారణంగా నర్సే ఉండదు. ఏఎన్ఎం బడి మనిషి కాదు, ఉపకేంద్రం మనిషి. 5,000 మంది జనానికి ఒక ఉపకేంద్రం అని లెక్క. కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి. ఆమె రోజూ బడికి ఎలా వస్తుంది? 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని కింద డాక్టర్ల జట్టు ఏడాదికి ఒకసారి బడికి వచ్చి పిల్లల్ని పరీక్ష చేయాలి. మిగతా రోజుల్లో పిల్లకు ఒంట్లో బాగాలేకపోతే చూసుకునేది టీచర్లే. పిల్లకు ఏ జబ్బు ఉందో తల్లి చెప్పకపోతే టీచరుకు ఎలా తెలుస్తుంది? నర్సు లేదని బడివాళ్లు చెప్పకపోతే తల్లికి ఎలా తెలుస్తుంది?

ఆ తల్లి కూతురి నోటుబుక్కులోంచి కాగితం చించింది. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో మెల్లగా రాసింది. 'ఫిట్స్' దగ్గర ఆగింది. వత్తు గుర్తుకు రాలేదు. పిల్ల చూపించింది.

"మా పాపకు ఫిట్స్ ఉన్నాయి. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. నర్సమ్మ లేని రోజు ఎవరు ఇస్తారు? ఆ రోజు నాకు ఫోను చేయండి."

కింద ఫోను నంబరు వేసింది. సంతకం చేసింది.

మేడం చదివారు. ఆ కాగితం మీదే తెలుగు టీచరు పేరు రాశారు. బీరువాకు రెండో తాళంచెవి ఆఫీసు సొరుగులోనే ఉందట! తీసి ఆ టీచరుకు ఇచ్చారు.

ఆయాసం పిల్ల తల్లి చేయి చాపింది. "ఆ పెన్ను ఇటివ్వక్కా."